పాత గోడకు ఆనించి కట్టకు

గుంటూరు

బావా,

నీ ఉత్తరం అందింది. చెల్లెమ్మకు మోకాళ్ళ నొప్పులు తగ్గాయన్నందుకు సంతోషం. ఇక అసలు సంగతి. మీ రాతి ఇంటి వెనకవైపు వంటగదీ స్నానాలగదీ కలుపుతున్నావనీ, పాత గోడకే ఆనిస్తే ఒక గోడ ఖర్చు మిగులుతుందని మేస్త్రి అంటున్నాడనీ రాశావు. పాత గుంటూరులో మా ఇంటికి గది కలిపేటప్పుడు మాకూ ఇదే ఆశ చూపించారు. అమ్మ ససేమిరా అంది. ఆమె మాటే నిలిచింది.

రెండడుగుల మందాన రాయీ గానుగ సున్నమూ పెట్టి కట్టిన ఆ కాలపు గోడకు, ఇప్పుడు మనం బేస్‌మెంట్ మీద వేసే డీపీసీ, అంటే నేల తేమను పైకి రానివ్వని పొర, ఉండదు. దీపం వత్తి నూనె పీల్చినట్టు నేలలోని తేమను పీలుస్తుంది. అయినా ఇన్నేళ్ళూ ఆ తేమ బయటి ముఖం నుంచి ఎండకూ గాలికీ ఆరిపోయింది. సున్నపు పూత దానికి అడ్డు రాదు. అదే ముఖానికి గది తగిలించి, సిమెంటు పూసి, టైల్స్ అంటిస్తే దారి మూసుకుపోతుంది. నీళ్ళు ఊరుకుంటాయా? పైకెక్కుతాయి, లేదంటే లోపలి గదిలోకి తేలతాయి.

మా పెద్దమ్మ ఇంట్లో జరిగింది అదే. మోకాలెత్తున ఉండే చెమ్మ గది కలిపాక నడుము దాటింది. గోడ మీద తెల్లటి ఉప్పు, వేలితో రాస్తే పొడిపొడిగా రాలేది. ఉగాదికి తగిలించిన క్యాలెండరు తీస్తే వెనక బూజు, మేకు చుట్టూ తుప్పు మరక. రంగుల కొట్టతను డబ్బా మీద డబ్బా అమ్మాడు. వాన పడగానే పొక్కులు లేచి పెచ్చులూడేవి. చెమ్మకు రంగు వేయడం నాకు అప్పటి నుంచీ ఒళ్ళుమంట.

మేం కొత్త గదికి దాని గోడ దానికే కట్టించి, పాత గోడకు బెత్తెడు సందు వదిలాం. సందు చివర్లలో కిందా పైనా జాలీలు పెట్టించాం. ఇటుక పని జరుగుతుంటే సందులో సిమెంటు మాలు పడుతుంది, దాన్ని ఏ పూటకా పూట తీయించు. పడ్డ ముద్ద గట్టిపడితే చెమ్మ దాని మీదుగానే కొత్త గోడకు దాటుతుంది. గుమ్మం దగ్గర రెండూ కలవక తప్పదు గనుక అక్కడ మధ్యలో తారు ఫెల్టు నిలువుగా పెట్టించాం, దాని అడుగు అంచు కొత్త డీపీసీ మీదికి ఎక్కేలా.

మాది నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, వేసవికి నెర్రెలిస్తుంది. పాత గోడ దిగాల్సినంత దిగి కుదురుకుంది, కొత్తది ఇంకా దిగాలి. రెండిటినీ ముడేస్తే అతుకు దగ్గర బీట ఖాయం, అందులోంచి వాన ఖాయం. అందుకే కొత్త గది పునాదికి అండర్ రీమ్డ్ పైల్స్, అంటే అడుగున ఉబ్బుగా ఉండి నేలలోకి లోతుగా దిగే కాంక్రీటు స్తంభాలు, వేయించాం. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ఇలాంటి నేలల కోసం అభివృద్ధి చేసిన పద్ధతి అది. పైల్ అడుగున కాండానికి దాదాపు రెండున్నర రెట్లు వెడల్పు ఉబ్బు ఉంటుంది.

మీది విజయవాడ కొండవాలు, పునాది రాతి మీద. దిగే బెంగ తక్కువ. నీకు ప్రమాదమంతా పైనుంచి జారే నీటితోనే. కొండవైపు మట్టి పాత గోడను ఎంత ఎత్తున ఆనుకుని ఉందో చూసి, ముందు అది తీయించు. గోడకు కాస్త ఎడంగా కాలువ తవ్వి, చిల్లుల పైపు వేసి, కంకర నింపి, నీటిని పక్కకు మళ్ళించు. బయటి నేల గది మట్టానికి కనీసం ఆరంగుళాలు దిగువన ఉండాలి. కొత్త గచ్చు కింద నింపే మట్టి కూడా పాత రాళ్ళను తాకకూడదు.

కొత్త స్లాబు పాత గోడను చేరే చోట సిమెంటు గోలా (మూల వెంబడి గుండ్రంగా దిద్దే సిమెంటు) కట్టి వదిలేస్తానంటాడు మేస్త్రి. ఒప్పుకోకు. రాళ్ళ మధ్య దర్జులో గాడి తీసి, అల్యూమినియం రేకు అంచు అందులోకి దూర్చి, రెండో అంచు స్లాబు మీద వదులుగా వాలాలి. స్లాబుకు బిగిస్తే మొదటి వేసవికే లేచిపోతుంది. వాటం పాత గోడ నుంచి బయటికి. తూము ఆ మూలన అసలు వద్దు.

పాత గోడకు ఇప్పుడున్న సిమెంటు పూత కొట్టించి ఆరనివ్వు. అంగుళం మందానికి నెల అని కట్టుబడివాళ్ళ లెక్క. ఆ చొప్పున నీ గోడకు రెండేళ్ళు! అన్నాళ్ళు ఆగలేవులే, ఒక వేసవైనా ఎండనిచ్చి సున్నమే పూయించు. పిడుగురాళ్ళ సున్నం మీకూ దగ్గరే. చెమ్మ ఆపడానికి గోడకు రంధ్రాలు చేసి మందు ఎక్కిస్తామని ఎవరైనా వస్తే గోడ లోపల ఏముందో అడుగు. రెండు రాతి ముఖాల మధ్య ముక్కరాళ్ళూ ఖాళీలూ ఉన్న చోట ఆ మందు ఎటు పోతుందో వాళ్ళూ చెప్పలేరు.

ఇంకొక్కటి. పాలిథీన్ ముక్కను గోడకు నాలుగు వైపులా టేపుతో అంటించి రెండు రోజులు వదులు. గోడవైపు చెమరిస్తే తేమ గోడలోది, గదివైపు చెమరిస్తే వంట ఆవిరిది. రెండోదైతే ఎగ్జాస్ట్ ఫ్యాను చాలు.

బేస్‌మెంట్ కాంక్రీటు పోసేలోగా పాత గచ్చు మట్టమూ, వెనక మట్టి ఎత్తూ కొలిచి ఫోనులో చెప్పు. ఆదివారం అయితే నేనే టేపు పట్టుకుని వస్తాను, మీ మేస్త్రిని ఉండమను.

నీ
బావ