త్యాగమూర్తి అనకండి, ఇన్‌స్పెక్టరు అనండి

సంపాదకులకు నమస్కారం.

అమెరికా సంఘసేవకురాలు జేన్ ఆడమ్స్ గురించి మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. నోబెల్ శాంతి బహుమతి ఉంది, కరుణ ఉంది, త్యాగమూర్తి అన్న మాట మూడుసార్లు ఉంది. చెత్త మాత్రం ఎక్కడా లేదు. ముప్ఫై ఒక్క సంవత్సరాలు పురపాలక సంఘాల్లో శానిటరీ ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరయిన వాణ్ణి కాబట్టి నా కళ్లు ముందు దాని కోసమే వెతికాయి.

రెండేళ్ల క్రితం మా అమ్మాయి దగ్గరికి చికాగో వెళ్లాను. డెవాన్ అవెన్యూలో పప్పులు, పచ్చళ్లు కొనడానికి బయల్దేరిన రోజున మా అల్లుడు ముందు హాల్‌స్టెడ్ వీధిలోని హల్ హౌస్ మ్యూజియానికి తీసుకెళ్లాడు. వలస వచ్చిన పేదల మధ్య ఆడమ్స్ నడిపిన సేవాకేంద్రం అది. ఒకప్పుడు అక్కడ పదమూడు భవనాలు ఉండేవట. 1960లలో విశ్వవిద్యాలయం కోసం పడగొట్టగా పాత ఇల్లు, భోజనశాల మిగిలాయి. మ్యూజియాలంటే నాకు కాళ్ల నొప్పులు. బల్ల కోసం చూస్తున్న నన్ను అల్లుడు పిలిచి, "మామయ్యా, ఈవిడ మీ డిపార్టుమెంటే" అన్నాడు.

ఆ మాటతో నొప్పులు మరిచిపోయాను. వెనక్కి వచ్చాక ఆమె ఆత్మకథ తెప్పించుకుని, నిఘంటువు పక్కన పెట్టుకుని నాలుగు నెలలు చదివాను.

హల్ హౌస్ ఉన్న వార్డులో ఇటాలియన్లు, గ్రీకులు, జర్మన్లు, రష్యా నుంచి వచ్చిన యూదులు కిక్కిరిసి ఉండేవారు. వీధుల్లో పేవ్‌మెంటుకు బిగించిన పెద్ద చెక్కపెట్టెల్లో చెత్త రోజుల తరబడి కుళ్లేది, పిల్లలకు ఆట స్థలం ఆ పెట్టెల చుట్టూనే. మరణాల రేటులో ఆ వార్డుది నగరంలో మూడో స్థానం. 1894 వేసవిలో హల్ హౌస్ మహిళలు సందుసందూ తిరిగి, ఆగస్టు, సెప్టెంబరు నెలల్లోనే 1,037 ఉల్లంఘనలను ఆరోగ్య శాఖకు రాసి పంపారు. వాటన్నిటినీ నిర్ధారించుకున్న తర్వాతే పంపారు. ఈ అంకె దగ్గర నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను.

మరుసటి సంవత్సరం ఆడమ్స్ చెత్త ఎత్తే కాంట్రాక్టుకు తానే టెండరు వేసింది. ఏదో సాంకేతిక కారణం చెప్పి దాన్ని తోసిపుచ్చారు. కానీ ఆ గొడవతో మేయరు ఆమెను వార్డుకు చెత్త ఇన్‌స్పెక్టరుగా వేశాడు. జీతం ఏడాదికి 1,000 డాలర్లు. తెల్లవారి ఆరింటికల్లా లేచి బండ్ల వెంట పడేది. బండి ఎక్కడ నింపుతున్నారు, డంపింగు దాకా పోతోందా, దారిలోనే ఒలికిపోతోందా అని చూసేది. కాంట్రాక్టరు నడిపే తొమ్మిది బండ్లను పదమూడు చేయించింది, తర్వాత పదిహేడు. ఒక ఇరుకు వీధిలో చెత్త తవ్వుతూ పోతే పద్దెనిమిది అంగుళాల కింద పేవ్‌మెంటు బయటపడింది. అక్కడ పేవ్‌మెంటు ఉన్నట్టు నగరపాలక రికార్డుల్లో ఉందట! మా శాఖలో పనిచేసిన వాళ్లెవరూ ఈ వాక్యం చదివి ఆశ్చర్యపోరు. వార్డు మరణాల రేటు మూడో స్థానం నుంచి ఏడుకు దిగింది.

ఇక నా సంగతి. ఊరి పేరు రాయను. అక్కడ శివార్లలో వలస కూలీల పేట ఒకటి ఉండేది. శ్రీకాకుళం వైపు నుంచి, ఒడిశా నుంచి వచ్చి అపార్ట్‌మెంట్ల పనుల్లో కుదిరినవాళ్లు. గుడిసెలకు పన్ను నంబర్లు లేవు కాబట్టి చెత్త ట్రాక్టరుకు అక్కడ పని లేదన్నది మా ఆఫీసు వాదన. పైకి ఫిర్యాదులు పోయాక వారానికి ఆరు ట్రిప్పులు వేశారు. వచ్చేవి మూడు, నాలుగు. ట్రిప్ షీటులో మాత్రం ఆరు. ఆ షీట్ల కింద సంతకాల్లో నావీ ఉన్నాయి.

ఆ పేటలో టీ బడ్డీ నడిపే ఒకావిడ ట్రాక్టరు వచ్చినప్పుడల్లా గోడ మీద బొగ్గుతో గీత గీసేది. పెళ్లయిన కొత్తలో భర్తతో ఇటుకలు మోయడానికి వచ్చి అక్కడే ఉండిపోయిన మనిషి. నెలలు నిండిన ఆడవాళ్లను రాత్రివేళ ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లేది, తెలుగు రాని వాళ్ల వెంట రేషను కార్డు కోసం వెళ్లి వరసలో నిలబడేది. చదువు లేదు. ఒకరోజు మస్టరు అయ్యాక నన్ను ఆపి, "బాబూ, నా గోడ మీద నాలుగున్నాయి. మీ కాగితం మీద ఎన్నున్నాయి?" అని అడిగింది. ఏదో గదమాయించి వచ్చేశాను. ఆ తర్వాతి వారం నుంచి నాలుగు వస్తే నాలుగే రాశాను. రెండు నెలలు తిరక్కుండానే నన్ను వేరే వార్డుకు మార్చారు. మారినందుకు లోలోపల సంతోషించానని కూడా ఇక్కడ ఒప్పుకోవాలి.

ఆమె పోయినప్పుడు పేటవాళ్లు చందా వేసుకుని దహనం చేశారని తర్వాత ఎవరో చెప్పారు. ఏ పత్రికా వేయలేదు. మీదీ వేయలేదు.

ఆడమ్స్‌కు ఓటములూ ఉన్నాయి. పేదలకు పోషకాహారం అని లెక్కకట్టి వంటశాల పెడితే అది నడవలేదు. ఒక పొరుగావిడ, తిండి బలమైనదేగాని తనకు నచ్చింది తినడమే తనకు ఇష్టమని తేల్చి చెప్పింది. క్రిస్మస్‌కు టర్కీ కోళ్లు పంచి, ప్రతి చావుకూ హాజరై గెలిచే ఆల్డర్‌మన్ జానీ పవర్స్‌ను ఓడించాలని రెండుసార్లు ప్రచారం చేస్తే రెండుసార్లూ అతనే గెలిచాడు. (ఆల్డర్‌మన్ అంటే మన కార్పొరేటరు. టర్కీ అంటే ఏమిటో మన పాఠకులకు వేరే చెప్పక్కర్లేదు.) అయినా ఆమె ఆ పేటను వదల్లేదు. ఇరవై తొమ్మిదేళ్ల వయసులో వచ్చి, 1935లో చనిపోయేదాకా హల్ హౌస్‌నే ఇల్లు చేసుకుంది.

ఇవన్నీ వదిలేసి త్యాగమూర్తి అని రాస్తే చదివినవాడు చేతులు జోడించి పేజీ తిప్పేస్తాడు. చెత్త ఇన్‌స్పెక్టరు అని రాస్తే, కనీసం మా శాఖలో ఒకడైనా తన ట్రిప్ షీటు ఒకసారి తీసి చూసుకుంటాడు.

ఇంకొకటి. హల్ హౌస్‌ను 1899లో స్థాపించినట్టు వేశారు. అది 1889 సెప్టెంబరు 18. ఆమె ఒక్కతే కూడా కాదు, ఎలెన్ గేట్స్ స్టార్ అనే స్నేహితురాలు తోడుంది. 1899 చికాగోలో బాలల న్యాయస్థానం వచ్చిన సంవత్సరం, రెండూ కలిసిపోయినట్టున్నాయి. సవరణ వేయగలరు.

ఇట్లు,
ఒక విశ్రాంత శానిటరీ ఇన్‌స్పెక్టరు,
తెనాలి