పేరు లేని మందు, మచ్చలు పడ్డ తమలపాకు తీగ గురించి ఫిర్యాదు

హైదరాబాద్,
18-08-2025

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

విషయం: మీరు పంపిన తమలపాకు తీగలకు వచ్చిన తెగులు, దానికి మీరు అమ్మిన పేరు లేని పొడి మందు గురించి.

అయ్యా,

మీ దగ్గర ఆన్‌లైన్‌లో కొన్న రెండు తమలపాకు మొక్కలు జూన్ 21న మా ఇంటికి చేరాయి. మా అమ్మ పుట్టి పెరిగింది కడప జిల్లా చెన్నూరు వైపు, ఆకుతోటల మధ్య. మధ్యాహ్నం భోజనం అయ్యాక ఒక ఆకు, కాస్త వక్క, గోరంత సున్నం లేకపోతే ఆమెకు తిన్నట్టే ఉండదు. శ్రావణమాసం తాంబూలాలకు ఇంటి ఆకే వాడుకోవచ్చని ఆశపడి తెప్పించాం. బాల్కనీ గ్రిల్‌కు తాడు కట్టి తీగలు పాకించింది కూడా ఆమే.

జూలై 9న కింది ఆకుల మీద చిన్న చిన్న మచ్చలు కనిపించాయి. ఫోటోలు తీసి మీ కస్టమర్ కేర్‌కు పంపితే, ఎండ దెబ్బ అన్నారు, నీడలో పెట్టమన్నారు. ఆ వారమంతా మబ్బు, ముసురు. మాది తూర్పు బాల్కనీ, ఎండ ఎక్కడిదని అడిగితే సమాధానం రాలేదు. అయినా మీ మాట ప్రకారం కుండీలు హాల్లోకి మార్చాను. మొక్కలతో పాటు వచ్చిన కార్డులో రాసినట్టు రోజూ పొద్దున, సాయంత్రం ఆకులు తడిసేలా నీళ్లు స్ప్రే చేస్తూనే ఉన్నాను. వారం తిరిగేసరికి మచ్చలు పై ఆకులకూ పాకాయి. మళ్లీ రాస్తే ఈసారి ఫంగస్ అన్నారు. 199 రూపాయలకు మీ మందే కొనమన్నారు. అది 19న వచ్చింది. జిప్ కవర్లో తెల్లటి పొడి, పైన ‘మొక్కల మందు, లీటరుకు ఒక చెంచా’ అన్న స్టిక్కర్. ఇంకేమీ లేదు.

20వ తేదీ ఆదివారం పొద్దున కొట్టాను. అమ్మకు చెప్పలేదు, అది నా తప్పే. మధ్యాహ్నం ఆమె పైకొమ్మ నుంచి మచ్చ లేని రెండు ఆకులు కోసి, కడిగి, వేసుకుంది. సాయంత్రం విషయం తెలిసి నాకు చేతులు వణికాయి. డాక్టర్ దగ్గరికి పరుగెత్తాం. ఆయన మొదట అడిగిన ప్రశ్న, ‘ఏం మందు కొట్టారు?’ అని. చెప్పడానికి నా దగ్గర పేరు లేదు. మీ నంబరుకు చేస్తే ఆదివారం సెలవు అన్న రికార్డింగ్ వినిపించింది. ఆ రాత్రంతా అమ్మ పక్కనే కూర్చున్నాను. దేవుడి దయవల్ల ఆమెకు ఏమీ కాలేదు. కానీ 72 ఏళ్ల మనిషిని పక్కన పెట్టుకుని తెల్లారేదాకా పడ్డ టెన్షన్ ఎలాంటిదో మీకు తెలియాలనే ఇదంతా రాస్తున్నాను.

1968 నాటి పురుగుమందుల చట్టం తెగుళ్ల మందులకూ వర్తిస్తుంది. డబ్బా మీద మందు పేరు, తయారీ, గడువు తేదీలు, విరుగుడు, విషం తీవ్రతను తెలిపే ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ గుర్తుల్లో ఒకటి ఉండాలి. మీ కవరు మీద వీటిలో ఒక్కటీ లేదు. కొట్టాక ఎన్నాళ్లకు ఆకు కోయవచ్చో కూడా లేదు. మీరు అమ్మింది అలంకారానికి పెట్టుకునే క్రోటన్ కాదు, నోట్లో వేసుకునే ఆకు.

ఇక తెగులు సంగతి. మర్నాడు అమ్మ ఒక ఆకు కోసి కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టింది. మచ్చలు నూనె అంటిన కాగితంలా మెరిశాయి, చుట్టూ పసుపు అంచు. ఈనె దగ్గర ఆగిపోయి, గుండ్రంగా కాకుండా మూలలు తిరిగి ఉన్నాయి. మా అపార్ట్‌మెంట్‌లో వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరైన పెద్దాయన భూతద్దంతో ఆకు అడుగున చూసి, ఆరిన జిగురు పొర చూపించారు. ఇది బ్యాక్టీరియా మచ్చ తెగులు అన్నారు. ఫంగస్ వల్ల వచ్చే మచ్చయితే తరచూ వలయాలు వలయాలుగా కనిపిస్తుందట. మామూలు ఫంగస్ మందులు బ్యాక్టీరియా మీద పనిచేయవు, రాగి మందులే కొంత అడ్డుకుంటాయి. అన్నిటికంటే నాకు బాధ కలిగించింది వేరే మాట. ఈ తెగులు ఒక ఆకు నుంచి ఇంకో ఆకుకు పాకేది ఎక్కువగా నీటి చుక్కల వల్లేనట. అంటే మీ కార్డు చెప్పినట్టు రోజుకు రెండుసార్లు నేనే దాన్ని పంచిపెట్టాను.

ఆకుతోటల్లో అవిసె చెట్లకు పాకించిన తీగలకు మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమం అనే రాగి మందు కొట్టడం అమ్మ చిన్నప్పటి నుంచి చూసింది. ఇంట్లో రెండే తీగలకు అది వద్దంది. మందు పడ్డ ఆకులన్నీ, మచ్చ ఉన్న ఆకులన్నీ తీసేశాం. ప్రతి కోతకూ కత్తెరను స్పిరిట్‌తో తుడిచాం. ఆకులను కంపోస్టులో వేయకుండా కవర్లో కట్టి పారేశాం. కుండీలు ఎడంగా జరిపి, పొద్దున పూట, మొక్క మొదలు దగ్గర మాత్రమే నీళ్లు పోస్తున్నాం. ఒక తీగ కాండం అప్పటికే నల్లబడిపోయింది, మట్టితో సహా తీసేయాల్సి వచ్చింది. రెండోదానికి ఇప్పుడు ఐదు కొత్త ఆకులు, ఒక్క మచ్చ లేదు. వరలక్ష్మీ వ్రతానికి ఆకులు బజారు నుంచే తెచ్చుకున్నాం.

ఆ పొడి ఏ మందో, ఎవరు తయారు చేశారో నాకు రాతపూర్వకంగా తెలపండి. అమ్మ ఆరోగ్యం కోసం ఆ కాగితం నా దగ్గర ఉండాలి. పేరు లేని ఆ కవర్ల అమ్మకం వెంటనే ఆపండి. కార్డులో ఆకుల మీద నీళ్లు కొట్టమన్న వాక్యం తీసేయండి. ఆ రోజుల్లో మీ దగ్గర తమలపాకు మొక్కలు కొన్న మిగతావాళ్లకు ఈ తెగులు గుర్తులు, మందు సంగతి మెసేజ్ చేయండి. వాళ్ల ఇళ్లలోనూ ఆకు వేసుకునే పెద్దవాళ్లు ఉంటారు. రెండు మొక్కలకు 698, మందుకు 199, మొత్తం 897 రూపాయలు తిరిగి ఇవ్వండి.

ఆన్‌లైన్ అమ్మకాలపై 2020లో వచ్చిన నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి. లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేస్తాను. మందు కవరును, అందులో మిగిలిన పొడితో సహా భద్రంగా ఉంచాను. ఫోటోలు, చాట్ కాపీలు, బిల్లులు జత చేశాను.

ఇట్లు,
మీ వినియోగదారు