బావగారి పాదం కొలతలు పంపండి

నార్తాంప్టన్, ఇంగ్లండు,
ఆదివారం

నాన్నగారికి, అమ్మకు, నానమ్మకు నమస్కారాలు.

నేను క్షేమం. జలుబు పూర్తిగా తగ్గింది, అమ్మను ఇక ఆ బెంగ మానుకోమనండి. ఉద్యోగం ఎప్పటిలాగే నడుస్తోంది, రాయదగ్గ విశేషం ఏమీ లేదు. సెలవు మంజూరైంది, అక్క పెళ్లికి వారం ముందే ఇంట్లో ఉంటాను.

మొన్న ఫోనులో మీరు "ఒక్క జత బూట్లు కొనడానికి ఇన్నాళ్లా?" అన్నారు. అప్పుడు నాకు మాట పెగల్లేదు. ఫంక్షన్ హాలు మీరు మాట్లాడారు. చీరలన్నీ అమ్మ, పిన్ని తిరిగి కొన్నారు. శుభలేఖలు పంచడానికి పెదనాన్నగారు ఆ మోకాళ్ల నొప్పితోనే ఊళ్లు తిరుగుతున్నారు. అక్క పెళ్లిలో నా చేతికి వచ్చిన పని ఒక్కటే, బావగారి సూటు మీదకు లోఫర్లు, అంటే లేసుల్లేకుండా కాలు దూర్చి తొడుక్కునే బూట్లు. ఆ ఒక్కటీ ఏదో ఒకటి తెచ్చి పడేసి చేతులు దులుపుకోవడం నా వల్ల కాదు నాన్నగారూ.

లేసుల బూట్లు వద్దని ఆయన అన్న మాట సబబే. రిసెప్షను వేదిక మీద పెద్దలు వచ్చినప్పుడల్లా విప్పి కాళ్లకు దండం పెట్టాలి, మళ్లీ తొడుక్కోవాలి. అందుకు లోఫర్లే సుఖం. కొనేవాడికే కష్టం. లేసులుంటే కాస్త వదులైనా బిగించుకోవచ్చు, లోఫరుకు ఆ వీలు లేదు. పాదం మీది తోలు, వెనక మడమ, ఈ రెండే పట్టి నిలపాలి. వదులైతే అడుగడుగునా మడమ లేచిపోతుంది. బిగుతైతే సాయంత్రానికి పాదం వాచి వేళ్లు నలుగుతాయి. తోలు వాడగా వాడగా వెడల్పులో సాగుతుంది గానీ పొడవులో సాగదు. కాబట్టి కొత్తలో పాదం మీద కొంచెం పట్టినట్టే ఉండాలి, వేళ్లకు మాత్రం చోటుండాలి.

ఈ ఊళ్లో బూట్లకు కొరత లేదు. ఇక్కడి కంపెనీల్లో ట్రికర్స్ 1829 నుంచి, చర్చెస్ 1873 నుంచి, క్రాకెట్ అండ్ జోన్స్ 1879 నుంచి కుడుతున్నారు. నేనుండే వీధిలోని ఎర్ర ఇటుక ఇళ్లు ఒకప్పుడు ఆ పనివాళ్లు కాపురమున్నవే. ఫ్యాక్టరీల పక్కన వాళ్ల సొంత దుకాణాలుంటాయి, తోలు మీద చిన్న గీతో మచ్చో ఉన్న జతలను అక్కడ తక్కువకు ఇస్తారు. శనివారాలు నాకు అక్కడే గడుస్తున్నాయి. గదిలో ఒంటరిగా కూర్చోవడం కన్నా అది ఎంతో నయం.

పోయిన శనివారం ఒక దుకాణంలో డెబ్బై దాటిన పెద్దాయన ఉన్నాడు. బావగారి పాదానికీ నా పాదానికీ తేడా చూడాలని నన్ను కూర్చోబెట్టి, తను నా ఎదుట మోకాళ్ల మీద కూర్చుని నా పాదం చేతుల్లోకి తీసుకున్నాడు. చటుక్కున కాలు వెనక్కి లాక్కున్నాను. తాతయ్య వయసు మనిషి నా కాళ్లు పట్టుకోవడమేమిటి! ఆయన చేతులు చల్లగా ఉన్నాయేమో అనుకుని, రెండు అరచేతులూ రుద్దుకుని మళ్లీ పట్టుకున్నాడు. ఇనుప కొలత పలక మీద మడమను వెనక్కి ఆనించాడు, నిలబడమన్నాడు, పక్కనున్న పట్టీని పాదం అంచు దాకా జరిపి వెడల్పు చూశాడు. ఆ కాసేపూ నాకు గొంతులో ఏదో అడ్డుపడినట్టయింది. ఇక్కడ మనిషి చెయ్యి తగిలి చాలా రోజులైంది. ఈ నాలుగు మాటలు అమ్మకు చదివి వినిపించకండి.

తరువాత బావగారి పాదం చుట్టూ గీత గీసి అక్క పంపిన కాగితం చూపించాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. గీత గీసినవాళ్లు పెన్సిలును పాదం కిందకు వంచారట, కూర్చోబెట్టి గీశారట. నిలబడితే బరువుకు పాదం పరుచుకుంటుంది. ఈ గీతను నమ్మి లోఫర్లు అమ్మనన్నాడు. చేతికొచ్చిన బేరం వదులుకున్న ఆ మనిషి మీద నాకు గురి కుదిరింది. ఇక్కడ చాలా కంపెనీలు మామూలు వెడల్పును ఎఫ్ అంటాయి, అంతకన్నా వెడల్పును జి అంటాయి. బావగారికి జి కావలసి రావచ్చు. చిన్నప్పటి నుంచి చెప్పులతో తిరిగిన పాదాలు మనవి, ముందు వెడల్పు, వెనక సన్నం.

అక్క లోఫరు మీద బంగారు రంగు లోహపు కడియాలున్నది కావాలంటోంది. అది ఇటలీ మోస్తరు, 1953లో గుచ్చీ వాళ్లు తెచ్చారు. బాగుంటుంది, కాదనను. కానీ పదేళ్ల తరువాత ఫొటోల్లో చూసినా కంటికి ఆనేది పాదం మీద అడ్డంగా పట్టీ, మధ్యలో చిన్న చీలిక ఉన్న పాత రకమే. నార్వేలో ఆవుర్లాండ్ అనే ఊళ్లో కుట్టేవారు, 1936లో అమెరికాలో బాస్ కంపెనీ వాళ్లు దాన్ని తీసుకుని అందరికీ అలవాటు చేశారు. ముదురు నీలం సూటుకు ముదురు గోధుమ రంగు వేస్తే ఆయన నిండుగా కనిపిస్తారు. అక్కకు మీరు నచ్చజెప్పండి, నా మాట వినదు.

తోలు సంగతి అమ్మ అడిగింది. దాచను, ఇక్కడ మంచి బూట్లు చాలావరకు దూడ తోలువే. బావగారు పట్టింపు లేదన్నారు. అయినా వాళ్ల అమ్మగారిని ఒక మాట అడగండి. ఆవిడ మనసుకు కష్టమైతే వేరేది వెతుకుతాను, నాకు విసుగు లేదు.

మీకు నచ్చే సంగతి ఒకటి. మన బతుకమ్మలో పేర్చే తంగేడు ఉంది కదా, దాని బెరడుతో పదును చేసిన తోళ్లు ఒకప్పుడు మద్రాసు నుంచి ఓడల్లో ఇంగ్లండుకు వచ్చేవట. 1914 యుద్ధంలో బ్రిటిష్ సైనికుల బూట్ల పైభాగానికి ఆ తోళ్లను కూడా వాడారు. ఈ జిల్లా ఫ్యాక్టరీలు అప్పుడు రాత్రింబవళ్లు సైన్యానికి బూట్లు కుట్టాయి. బడిలో పిల్లలకు ఆ యుద్ధం పాఠం చెప్పిన రోజుల్లో ఇది మీకు తెలిసి ఉంటే ఎంత సంబరంగా చెప్పేవారో!

ధర విని అమ్మ కోప్పడుతుందని తెలుసు. ముప్పై వేల రూపాయలు దాటుతుంది. నేనేమీ దుబారా చేయడం లేదు. అడుగును అంటించరు, చుట్టూ తోలు పట్టీ వేసి దానికి కుడతారు, అరిగితే పాత అడుగు విప్పి కొత్తది వేస్తారు. మీ నల్ల బూట్లకు బస్టాండు దగ్గర అడుగు వేయించుకుంటూ ఎన్నేళ్లు తొడుక్కున్నారో నేను చూశాను. ఈ డబ్బు నా పొదుపులోది, ఇంటికి పంపేదాంట్లో పైసా తగ్గదు.

మీకూ ఒక జత తెమ్మన్నారు. మీకు లోఫర్లు తేను, కోపం తెచ్చుకోకండి. షుగరు వల్ల వేళ్లకు స్పర్శ తగ్గిందని డాక్టరు చెప్పిన తరువాత లోఫర్లు మంచివి కావు. లోపల పాదం జారి రాసుకున్నా, బొబ్బ లేచినా మీకు తెలియదు. ముందు గుండ్రంగా, లోతుగా ఉండి, పైన పట్టీతో అంటించుకునేవి తెస్తాను. తొడుక్కునే ముందు రోజూ లోపల చెయ్యి పెట్టి చూసుకోవాలి, రాయి ముక్కో మేకు మొనో ఉంటుంది. గుళ్లో మధ్యాహ్నం ఎండకు కాగిన బండల మీద ప్రదక్షిణలు మానండి. పొద్దున్నే వెళ్లండి.

నానమ్మ కంటి ఆపరేషను పెళ్లి తరువాతకు వాయిదా వేశారా? ఎవరూ చెప్పలేదు.

బావగారి కొలతలు ఈసారి మీరే దగ్గరుండి తీయించండి. సాయంత్రం పూట, మేజోళ్లు తొడుక్కుని, రెండు కాళ్ల మీద సమంగా నిలబడాలి. పెన్సిలు నిటారుగా పట్టాలి. రెండు పాదాలూ గీయాలి, ఒకటి రెండోదానికన్నా పెద్దదై ఉండవచ్చు, పెద్దదానికే కొనాలి. వేళ్ల మొదట్లో చుట్టుకొలత, పాదం మధ్య ఎత్తు దగ్గర చుట్టుకొలత టేపుతో తీసి పక్కన రాయండి. బుధవారంలోగా ఫొటో తీసి పంపితే శనివారం ఆ పెద్దాయన దగ్గరకు వెళతాను.

ఇట్లు,
మీ చిన్నవాడు