ప్రాక్టికల్స్ లేకుండా సెల్ బయోటెక్నాలజీయా?

సంపాదకులకు,

అన్ని శాఖల విద్యార్థులకూ సెల్ బయోటెక్నాలజీ, అంటే కణాలను పెంచి మందుల్లాంటివి తయారుచేసే విద్య, నేర్పుతామన్న యూనివర్సిటీ ప్రకటనను పోయిన వారం మీరు సగం పేజీలో వేశారు. సంతోషం. కానీ ఆ వార్త అడుగున, ఎవరూ చదవరనుకున్నారో ఏమో, ఒక ముక్క ఉంది. బయాలజీ చదవనివాళ్లకు ప్రాక్టికల్స్ ఉండవట, స్లైడ్లు చూపించి ‘పరిచయం’ చేస్తారట!

సెల్ కల్చర్ ల్యాబుల్లో, అంటే కణాలను ఫ్లాస్కుల్లో పెంచే చోట్ల, పనిచేసి రిటైరైన మనిషిని, ఊరుకోలేక రాస్తున్నాను. స్లైడ్ మీద కణాలు ఎప్పుడూ బుద్ధిగానే పెరుగుతాయి. ఫ్లాస్కులో అలా కాదు. 37 డిగ్రీల వేడి, 5 శాతం కార్బన్ డయాక్సైడ్, కణాలకు తిండయిన ఎర్రటి ద్రవం (మీడియం), అన్నీ పుస్తకంలో ఉన్నట్టే పెట్టి ఇంటికెళ్తాం. తెల్లారేసరికి మీడియం పసుపు రంగుకు మారి, మబ్బుగా తయారవుతుంది. బాక్టీరియా చేరిందన్నమాట. మైకోప్లాస్మా అనే అతి చిన్న బాక్టీరియా అయితే మరీ దొంగ. మీడియం తేటగానే ఉంటుంది, మామూలు మైక్రోస్కోపులో ఏమీ కనిపించదు, ప్రత్యేకంగా టెస్టు చేస్తేగాని బయటపడదు. తన ఫ్లాస్కు తానే పారబోసుకున్న కామర్స్ విద్యార్థికి, కణాలతో తయారయ్యే మందులు ఎందుకంత ఖరీదో ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

కెమికల్ ఇంజినీరింగ్ వాళ్లకైతే ఇందులో పండగే. పెద్ద ట్యాంకులో కణాలకు ఆక్సిజన్ అందాలంటే గాలి పంపాలి, కలియబెట్టాలి. జంతు కణాలకు గట్టి గోడ ఉండదు కాబట్టి, పైకొచ్చిన బుడగలు పగిలే తాకిడికే అవి చచ్చిపోతాయి. గాలి పంపకపోతే ఊపిరాడక చస్తాయి. దీనికి లెక్క వేయాల్సింది ఇంజినీరు కాక ఇంకెవరు?

లా విద్యార్థుల సంగతి చూడండి. 1951లో హెన్రియెటా లాక్స్ అనే రోగి కణాలను ఆమెను అడక్కుండానే తీసుకున్నారు. ఆమె పేరుమీదే హీలా అని పిలిచే ఆ కణాలు ఇప్పటికీ ప్రపంచమంతా పెరుగుతున్నాయి. తన కణాలను డాక్టరు లాభానికి వాడుకున్నాడని జాన్ మూర్ అనే రోగి వేసిన కేసులో 1990లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు, ఒంట్లోంచి తీసేసిన కణాలపై రోగికి ఆస్తి హక్కు లేదంది. అయితే వాటివల్ల తనకొచ్చే లాభం గురించి డాక్టరు ముందే చెప్పి తీరాలని కూడా అంది. ఇది గంటల తరబడి వాదించాల్సిన విషయం. మనవాళ్లేమో లా పిల్లలను కూడా ‘కణచక్రం పటం గీసి భాగములు గుర్తింపుము’ అని అడుగుతారు. రాసిపెట్టుకోండి.

1966లో జన్యుశాస్త్రవేత్త స్టాన్లీ గార్ట్లర్ పరీక్షించి, వేర్వేరు కణజాలాలవని అందరూ నమ్మిన కణశ్రేణుల్లో (ల్యాబుల్లో తరతరాలుగా పెంచుతూ వచ్చే కణాల్లో) చాలావాటిలో నిజానికి హీలా కణాలే చేరిపోయాయని బయటపెట్టాడు. పైన లేబుల్ ఒకటి, లోపల సరుకు ఇంకొకటి. మన సిలబస్ కమిటీల పనీ ఇంతే! పాత జువాలజీ నోట్సుకు కొత్త కోర్సు పేరు అంటిస్తారు.

పరికరాల్లేవని మాత్రం అనకండి. నేను పనిచేసిన ఒక చోట కణాల్లో బాక్టీరియా చేరకుండా పనిచేసుకోవడానికి లక్షలు పోసి కొన్న క్యాబినెట్‌కు రిబ్బన్ కత్తిరించారు, ఫొటోలు దిగారు, ప్లాస్టిక్ కవరు మాత్రం తీయలేదు. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ బిల్లు సంతకం కోసం ఏ బల్ల మీద పడుందో తెలియక, కణాలను వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్ ఆపేశాం. టెక్నీషియన్ పోస్టు ఖాళీ. కొనడానికి ఉన్న ఉత్సాహం నడపడానికి ఉండదు అధికారులకు.

ప్రమాదమనీ ఖర్చనీ సాకులు చెబుతారు. అయితే ఈస్ట్‌తోనో మొక్కల కణజాలంతోనో మొదలుపెట్టండి. వేర్వేరు శాఖలవాళ్లను నలుగురేసి కలిపి, ఒక్కో జట్టుకు ఒక ఫ్లాస్కు ఇచ్చి, రెండు వారాలు బతికించమనండి. చచ్చిపోతే ఎందుకు చచ్చిందో రాయమనండి, దానికే మార్కులు వేయండి. ఈ మాటకు యూనివర్సిటీవారి జవాబేమిటో మీ విలేకరి వెళ్లి అడిగితే బాగుంటుంది.

ఇట్లు,
సెల్ కల్చర్ ల్యాబ్ విశ్రాంత ఉద్యోగి