షాంటే క్యాసెట్ గురించి

ప్రియమైన శ్రీనూ,

పాత ఆటలను మళ్లీ వేసే లిమిటెడ్ రన్ గేమ్స్ సంస్థ తెచ్చిన షాంటే క్యాసెట్ కొనాలా అని అడిగావు. కొనుక్కో. నీ ఉత్తరం చదవగానే మనసులో వచ్చిన మాట అదే, రెండు రోజులు ఆలోచించినా మారలేదు.

షాంటే అనే వీడియో గేమ్ 2002లో నింటెండో వాళ్ల చేతి యంత్రం గేమ్ బాయ్ కలర్‌కు వచ్చింది. అప్పటికి దాని తర్వాతి యంత్రం గేమ్ బాయ్ అడ్వాన్స్ వచ్చి ఏడాదయింది, పాత యంత్రానికి కొత్త ఆట కొనేవాళ్లే కరువయ్యారు. ఆ చిన్న తెర మీద బొమ్మలను అంత ముద్దుగా ఆడించిన ఆట, అమ్ముడుపోకుండా మరుగున పడింది. అందుకే ఇప్పుడు అసలు క్యాసెట్‌కు వందల డాలర్లు అడుగుతున్నారు. అంత పోసినా ఆట తయారుచేసిన వేఫార్వర్డ్‌కు పైసా చేరదు, పాత సరుకు అమ్మేవాడి జేబులోకే పోతుంది. లిమిటెడ్ రన్ గేమ్స్ మళ్లీ తెచ్చింది వేఫార్వర్డ్ అనుమతితోనే. నాకు అది చాలా పెద్ద విషయం.

అలాగని లైసెన్సు ముద్ర కనిపించిన ప్రతిదీ కొనకు. 2017లో ఐయామ్ ఎయిట్‌బిట్ అనే సంస్థ వాళ్లు అసలు ఆట చేసిన క్యాప్‌కామ్ లైసెన్సుతోనే స్ట్రీట్ ఫైటర్ 2 క్యాసెట్‌ను 5,500 ప్రతులు వేసి, ఒక్కోటి 100 డాలర్లకు అమ్మారు. దాన్ని పెడితే సూపర్ నింటెండో యంత్రం వేడెక్కవచ్చు, మంటలు కూడా రావచ్చు అని వాళ్లే హెచ్చరిక రాశారు! ఆడుకోవడానికి భయపడాల్సిన ఆట ఎందుకురా? పైగా ఆ ఆట సూపర్ నింటెండో మీద 60 లక్షలకు పైగా అమ్ముడైంది, అసలుదే సులువుగా దొరుకుతుంది.

నకిలీల జోలికి మాత్రం అసలు వెళ్లకు. గేమ్ బాయ్ కలర్ క్యాసెట్‌కు 5 వోల్టులు పంపుతుంది. చవక నకిలీల్లో చాలావాటిలో 3.3 వోల్టుల చిప్‌ను మధ్యలో ఏ రక్షణా లేకుండా నేరుగా అతికిస్తారు. చిప్ దెబ్బతింటుంది, యంత్రం మీదా భారం పడుతుంది. ఇరవై ఏళ్లుగా నువ్వు భద్రంగా దాచుకున్న గేమ్ బాయ్‌ను అలాంటిదానికి అప్పగించడం నాకు ఇష్టం లేదు.

హోలీ డైవర్ ఆట గురించి కూడా అడిగావు. 1989లో జపాన్‌లో, నింటెండో వాళ్ల అక్కడి యంత్రం ఫామికామ్‌కు మాత్రమే వచ్చిన ఆట అది. రెట్రో-బిట్ అనే సంస్థ లైసెన్సు తీసుకుని అమెరికాలో అమ్మిన నింటెండో యంత్రానికి సరిపోయేలా తెచ్చినందుకు నాకెంతో సంతోషం. కానీ ఆ క్యాసెట్‌కు 72 పిన్నులు. మీ ఇంట్లో ఉన్న యంత్రం, మన ఊళ్లలో అమ్మిన చాలావాటిలాగే, ఫామికామ్ నకలు, దానికి 60 పిన్నులు. అడాప్టర్ లేకుండా అందులో పట్టదు. కాబట్టి ముందు షాంటే తీసుకో.

సీలు విప్పకుండా బీరువాలో పెట్టి, ధర పెరిగాక అమ్మే ఆలోచన ఉంటే మాత్రం వద్దు, ఆడాలనుకునే ఇంకొకరికి దక్కనీ. ఆర్డరు పెట్టే ముందు ఎవరైనా లోపలి బోర్డు ఫోటో తీశారేమో వెతికి పంపు, చిప్పులు చూసి చెబుతాను.

నీ
రఘు