వేలు పట్టని సందు

ఒరేయ్ సీనూ,

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. తిట్టుకునే ఉంటావు. ఈ మూడు వారాలూ నేను ట్రక్కు కిందే పడుకున్నానురా. ట్రక్కంటే మన ఆటోనగర్ లారీ కాదు, 1996 షెవర్లే సీ1500. ఇక్కడ టెక్సాస్‌లో పికప్‌ని కూడా ట్రక్కే అంటారు.

హ్యూస్టన్‌కి ఉత్తరాన కాన్రో అనే ఊళ్లో లోన్ స్టార్ త్రోడౌన్ అని ట్రక్కుల జాతర జరుగుతుంది. అక్కడ నేలకి పొట్ట ఆనించి పాకుతున్నట్టుండే బళ్లు చూసొచ్చాక నాకూ పురుగు తొలిచింది. ముందువైపు స్ప్రింగులు తీయించి, బండిని 2 అంగుళాలు దించే పొట్టి స్ప్రింగులు వేయించాను. ఇంకేమీ మార్చక్కర్లేదన్నాడు బిగించినవాడు. నేనూ నమ్మాను.

చూడ్డానికి బ్రహ్మాండం. నడిపితే నడుం విరిగేది. కాంక్రీటు రోడ్డు మీద ప్రతి అతుకు దగ్గరా ఠక్కు ఠక్కుమని దెబ్బ. మలుపులో గతుకు తగిలితే ముందు చక్రాలు పక్కకి జారేవి. షాకబ్జర్లు పోయాయనుకుని కొత్తవి వేశాను. డబ్బు పోయింది, దెబ్బ పోలేదు.

పక్కింటి పెద్దాయన, జీవితమంతా పాత బళ్లతో గడిపినవాడు, ఒకరోజు వంగి చూసి "నీ బండి స్ప్రింగు మీద లేదు, రబ్బరు మీద కూర్చుంది" అన్నాడు. చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ ఊగే ఇనుప చెయ్యి ఉంటుంది, ఆర్మ్ అంటారు. కింది ఆర్మ్‌కీ ఛాసిస్‌కీ మధ్య శంకులాంటి రబ్బరు ముక్క ఉంటుంది చూడు, బంప్ స్టాప్. గోతిలో పడ్డప్పుడు ఇనుముకి ఇనుము కొట్టుకోకుండా ఆపడం దాని పని. నా బండికి ఆ సందులో వేలు పెడదామంటే పట్టలేదు! అంటే ఉత్తినే నిలబడ్డప్పుడే స్ప్రింగు పని సగం ఆ రబ్బరు మోస్తోంది.

స్ప్రింగు బదులు స్పిండిల్, అంటే చక్రాన్ని మోసే ఇరుసు ముక్క, మార్చి దించుకుని ఉంటే ఈ గొడవే లేదట. ఆర్మ్ ఉన్నచోటే ఉంటుంది, చక్రం మాత్రం పైకి జరుగుతుంది. ఆ మాట ముందు చెప్పినవాడు లేడు.

రంపం తీసుకుని ఆ రబ్బరుని సగానికి కోసేద్దామని నాకు చేతులు దురద. పెద్దాయన ఆపాడు. బండిని స్టాండ్ల మీద పెట్టి, స్ప్రింగు చుట్టూ గొలుసు చుట్టి, కింది ఆర్మ్‌ని జాకీ మీద మెల్లగా దించి స్ప్రింగు తీశాం. నిజం చెప్పొద్దూ, భయమేసింది. నొక్కుకున్న స్ప్రింగు ఎగిరితే మనిషి మిగలడు. తర్వాత చక్రం బిగించి, జాకీతో ఆర్మ్‌ని పైకి లేపుతూ, స్టీరింగ్ అటూ ఇటూ పూర్తిగా తిప్పుతూ, టైరు ముందుగా ఎక్కడ తగులుతుందో చూశాం. షాకబ్జర్‌ని పూర్తిగా నొక్కితే ఎంత పొడవుంటుందో కూడా కొలిచాం. బంప్ స్టాప్ మరీ పొట్టిదైతే దెబ్బంతా షాకబ్జరే తింటుంది కదా.

నాకు భలే నచ్చిన లెక్క ఒకటుంది. ఆ రబ్బరు ఉండేది చక్రం దగ్గర కాదు, ఆర్మ్ మధ్యలో ఎక్కడో. అందుకే చక్రం 2 అంగుళాలు లేస్తే రబ్బరు దగ్గర కదలిక సుమారు 1 అంగుళమే. ఇక్కడ ముప్పావు అంగుళం కోస్తే చక్రానికి అంగుళంన్నర ఆట దొరుకుతుంది. కంటితో చూసి కోసుంటే ఫెండర్ పగిలేది.

ముప్పావు అంగుళమే కోశాను, సబ్బునీళ్లు రాస్తూ, హ్యాక్‌సా బ్లేడుతో. మొదటిది వంకరగా తెగింది. రెండోది పరవాలేదు. బండి ఎక్కి చూస్తే ఠక్కుఠక్కు మాయం! కానీ వారం తిరక్కుండా పెద్ద గోతిలో దిగితే ధబ్‌మని గట్టిగా తగిలింది. తప్పు నాదే. శంకు కొన మెత్తగా ఉండి మెల్లగా నొక్కుకుంటుంది. నేను కోసిపారేసింది సరిగ్గా ఆ మెత్తటి భాగమే, మిగిలింది గట్టి మొద్దు. చివరికి గుండ్రటి తల ఉన్న పొట్టి పాలీయురిథేన్ (రబ్బరులాంటి ప్లాస్టిక్) స్టాపులు కొని బిగించాను. ముందే ఆ పని చేయాల్సింది. అలైన్‌మెంట్ కూడా చేయించాను, లేకపోతే టైర్లు లోపలివైపు అరిగిపోయేవి.

కోసిన ముక్కలు రెండూ మీ చెల్లెమ్మ వంటింట్లోకి పట్టుకుపోయింది. వెట్ గ్రైండర్ రుబ్బేటప్పుడు గట్టు మీద నడుస్తుందట, దాని కాళ్ల కింద పెట్టింది. రెండే ఉన్నాయిగా, అవతలి వైపు అట్టముక్క. ఇంకా కాస్త నడుస్తూనే ఉంది.

నీ
రాజు