లెక్కల పరీక్ష రోజు ఆటో ఆపిన అన్నకి

అన్నా, మీ పేరు అడగడం కూడా మర్చిపోయాను. మార్చిలో పదో తరగతి లెక్కల పరీక్ష రోజు, రావాల్సిన బస్సు రాక మా పాపతో రోడ్డు మీద నిలబడి ఉన్నాను. తొమ్మిదిన్నరకి పరీక్ష మొదలు. అప్పటికే తొమ్మిది దాటింది. టెన్షన్‌తో పాప చేతిలో హాల్ టికెట్ నలిగిపోతోంది. ఎదురుగా గడ్డిమోపులతో వెళ్తున్న మీరు ఆటో ఆపి, విషయం తెలుసుకుని, మోపులన్నీ చింతచెట్టు కింద దించేశారు. తువ్వాలుతో సీటు దులిపి "ఎక్కు తల్లీ" అన్నారు. గేటు దగ్గర దించాక డబ్బులిస్తే తీసుకోలేదు. "ముందు పాపని లోపలికి పంపమ్మా" అన్నారు.

ఫలితాలు వచ్చాయన్నా. పాపకి 600కి 563. లెక్కల్లో 97! జిల్లా పరిషత్ హైస్కూల్లో హెడ్మాస్టరు గారు శాలువా కప్పినప్పుడు నాకు మీరే గుర్తొచ్చారు. ఇప్పుడు నూజివీడు ట్రిపుల్ ఐటీకి దరఖాస్తు పెట్టాం. అక్కడ పదో తరగతి మార్కులతోనే సీటిస్తారు, ఆరేళ్ల చదువు. ఆ ఒక్క పేపరు పోయి ఉంటే ఈ మాటే ఉండేది కాదు.

మీ ఆటో వెనక పసుపు రంగు వేంకటేశ్వరస్వామి బొమ్మ ఉంది. ఇది చూస్తే ఒకసారి మా ఇంటికి రండన్నా. పాప తన చేత్తో మీకు స్వీటు పెడతానంటోంది.